పన్నెండు లక్షల గీతకు అటూ ఇటూ

ప్రశ్న: నేను ప్రైవేటు సంస్థలో ఉద్యోగిని. ఏడాదికి 12.75 లక్షల జీతం మీద ఇప్పుడు పైసా ఆదాయపు పన్ను లేదు. పది వేల ఇంక్రిమెంటు వస్తే ఆ పది వేలూ పన్నుకే పోతాయని మా ఆఫీసు అకౌంటెంటు గారు అంటున్నారు. ఇది నిజమేనా? చట్టాన్ని సరళం చేశామని చెబుతూ ఇలాంటి మెలికలు పెట్టడం ఎందుకు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నిజమే. ఇంకా చెప్పాలంటే మీ అకౌంటెంటు గారు కాస్త తగ్గించే చెప్పారు. కొత్త విధానంలో 12.85 లక్షల జీతం నుంచి జీతగాళ్లకు ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 12.10 లక్షలు మిగులుతుంది. శ్లాబుల ప్రకారం దాని మీద పన్ను 61,500 రూపాయలు. అయితే పన్నెండు లక్షల గీత దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదన్న మార్జినల్ రిలీఫ్ నిబంధన వల్ల అది పది వేల దగ్గర ఆగుతుంది. ఆ పది వేల మీద 4 శాతం సెస్సు మరో 400. అంటే పది వేలు పెరిగినందుకు మీరు కట్టేది 10,400. ఇంక్రిమెంటు వచ్చాక మీ చేతికి అందేది మునుపటి కంటే నాలుగు వందలు తక్కువ.

చాలామంది పన్నెండు లక్షల వరకు పన్నే లేదనుకుంటారు గానీ, పన్ను వర్తించని పరిమితి నాలుగు లక్షలే. ఆపైన ఎనిమిది లక్షల వరకు 5 శాతం, పన్నెండు వరకు 10 శాతం చొప్పున లెక్కగట్టిన 60 వేల పన్నును రిబేటు రూపంలో మాఫీ చేస్తున్నారు. గీత దాటగానే మాఫీ పోయి, పాత లెక్క మొత్తం మళ్లీ ముందుకొస్తుంది. పన్ను వేయదగిన ఆదాయం సుమారు 12.70 లక్షలు దాటేదాకా పెరిగిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. అయినా మీరు మెలిక అంటున్న ఆ మార్జినల్ రిలీఫే లేకపోతే పది వేల ఇంక్రిమెంటుకు సెస్సు కాకుండానే 61,500 కట్టవలసి వచ్చేది కాబట్టి, ఈ ఒక్క మెలికను మాత్రం నేను తప్పుపట్టలేను.

నాకు అభ్యంతరం ఉన్నది మరో చోట. ఒకరి ఆదాయం పన్నెండు లక్షలూ జీతమే అనుకుందాం. ఆయనకు పన్ను సున్నా. ఇంకొకరి ఆదాయం కూడా సరిగ్గా పన్నెండు లక్షలే, కాకపోతే అందులో రెండు లక్షలు ఏడాది లోపే అమ్మిన షేర్ల మీద వచ్చిన లాభం. ఆ లాభానికి ప్రత్యేక రేటు 20 శాతం, దానికి రిబేటు వర్తించదు. కాబట్టి ఈయన సెస్సుతో కలిపి 41,600 కడతారు. ఇలాంటి ప్రత్యేక రేటే పైమెట్టు మీద ఉన్నవారికి వరంగా మారుతుంది: కోట్ల జీతం తీసుకునేవారు 24 లక్షలు దాటిన ప్రతి రూపాయి మీద 30 శాతం కడుతుంటే, ఏడాదికి మించి అట్టేపెట్టుకున్న షేర్ల మీద కోట్లు గడించినవారు 1.25 లక్షలు పోను మిగతా లాభం మీద 12.5 శాతమే కడతారు.

ఇక సరళత సంగతి. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్లు 819 నుంచి 536కు, పదాలు సుమారు అయిదు లక్షల నుంచి సగానికి తగ్గాయి. మనల్ని ఏళ్లుగా తికమకపెట్టిన ప్రీవియస్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాది), అసెస్‌మెంట్ ఇయర్ (దాన్ని లెక్కగట్టే మరుసటి ఏడాది) పోయి ట్యాక్స్ ఇయర్ ఒక్కటే మిగిలింది. ఇది మంచి పనే. కానీ పైన చెప్పిన రేట్లూ రిబేట్లూ అలాగే ఉన్నాయి కనుక, చదవడం తేలికైనంత మాత్రాన లెక్క తేలిక కాలేదు.

ప్రశ్న: అప్పుచేసి చేపల చెరువు నడుపుతూ, వచ్చిన ఆదాయానికి పన్ను కడుతున్నాను. మా గట్టు పక్కనే వరి పొలం కౌలుకిచ్చి హైదరాబాదులో ఉంటున్న ఆసామికి పన్ను లేదట. మాది సాగు కాదా?
– ఒక ఆక్వా రైతు, భీమవరం

జవాబు: మీ భాషలో సాగే, ఆదాయపు పన్ను చట్టం భాషలో కాదు. ఆ చట్టం లెక్కలో వ్యవసాయ ఆదాయమంటే భూమి నుంచి వచ్చేది. చేపలు, రొయ్యలు, కోళ్లు, పాడి అందులోకి రావు. కడియం నర్సరీల్లో పెంచే మొక్కల మీద ఆదాయం మాత్రం వస్తుంది. పంట పొలం మీద వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే. అందుకే తుపానుకు పంట పోయినా ఒప్పుకున్న బస్తాలు కొలవవలసిన కౌలు రైతుకూ, అరక పట్టకుండానే ఆ బస్తాల డబ్బు అందుకునే యజమానికీ చట్టం ఒకే మినహాయింపు ఇచ్చింది.

వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది గనుక కేంద్రం నేరుగా వేయలేదు. పెద్ద కమతాల మీద పన్ను వేయాలని ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్ కమిటీ 1972లోనే సూచించినా, ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ సూచనను పూర్తిగా అమలు చేసే సాహసం చేయలేదు. ఇతర ఆదాయం కూడా ఉన్నవారి విషయంలో కేంద్రం ఒక చిన్న కిటుకు పెట్టింది: రేటు తేల్చడానికి మాత్రం వ్యవసాయ ఆదాయాన్ని కలుపుతారు. వ్యాపారం మీద 14 లక్షలు, పొలం మీద 10 లక్షలు వచ్చినవారు సెస్సు కాకుండా 90 వేలకు బదులు 2.10 లక్షలు కట్టాలి. పొలం మీదే కోటి వచ్చి, వేరే ఆదాయం లేనివారు కట్టేది సున్నా. చట్టంలో ఇంతకంటే సరళమైన నిబంధన లేదేమో! మన దేశంలో సేద్యగాళ్లలో అత్యధికులు చిన్న, సన్నకారు రైతులే. పది లక్షలు దాటిన వ్యవసాయ ఆదాయానికి పన్ను పెట్టినా వారి గడప తొక్కనక్కరలేదు. అలాంటి పన్ను రావాలనే నా అభిప్రాయం. ఈ మాటతో కొందరు పాఠకులకు కోపం వస్తుందని తెలుసు.

ప్రశ్న: ఇంట్లో బట్టలు కుడతాను. ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన లేదు. నేను పన్ను కట్టని మనిషినేనా?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: కాదమ్మా, మీరు రోజూ కడుతూనే ఉన్నారు. ఒంటి సబ్బు మీద 18 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. కుట్టుమిషను మీద 12 నుంచి 5కు తగ్గింది. సబ్బు కొన్నది మీరైనా, కోటీశ్వరుడైనా ఆ పన్ను ఒక్కటే. నెల సంపాదనలో దాని వాటా మాత్రం మీకే ఎక్కువ. ఆదాయాన్ని బట్టి పన్ను మార్చే వీలు దుకాణంలో ఉండదు గనుక, నిత్యావసరాల మీద రేటు తగ్గించడమొక్కటే ఇక్కడ చేయగల న్యాయం. రేట్లు ఎక్కువైతే ఏమవుతుందో పాప్‌కార్న్ విషయంలో చూశాం: విడిగా అమ్మే ఉప్పుకారాల పాప్‌కార్న్‌కు 5, ప్యాకెట్లో పెట్టి పేరు వేస్తే 12, పంచదార పాకం పడితే 18 శాతమని 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి వివరణ ఇవ్వవలసి వచ్చింది. పెట్రోలు, డీజిలు ఇప్పటికీ జీఎస్టీలో లేవు. వాటిమీద కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాటు వేరువేరుగా వేస్తాయి. బండి లేకపోయినా, లారీలో వచ్చిన కూరగాయల ధరలో కలిసి ఆ రెండూ మీ సంచిలోకి చేరుతాయి.