70 వేల మైళ్లు తిరిగిన డెనాలి కొని పదేళ్లు నడపొచ్చా? టెక్సాస్ నుంచి నా జవాబు

మీ ప్రశ్న ఇది: ఫ్రిస్కోలో ఉంటారు, ముగ్గురు పిల్లలు, ఏటా అత్తమామలు వచ్చి కొన్ని నెలలు ఉంటారు, మున్ముందు ట్రావెల్ ట్రైలర్ కొనే ఆలోచన ఉంది. 70 వేల మైళ్లు తిరిగిన 2021 జీఎంసీ యూకాన్ డెనాలి (జీఎం కంపెనీ పెద్ద ఎస్‌యూవీ), 6.2 లీటర్ వీ8 ఇంజిన్‌తో, మంచి ధరకు వస్తోంది. పదేళ్లు ఉంచుకోవచ్చా, ఈ అమెరికన్ పెద్ద బండ్లను నమ్మొచ్చా అని అడిగారు.

ఉంచుకోవచ్చండి. కానీ ఆ ఇంజిన్ కాగితాలు చూడకుండా మాత్రం బండి కొనకండి. నేను చాలా ఏళ్లుగా డల్లాస్ దగ్గరే ఉంటున్నాను, ఇంట్లో ఎప్పుడూ ఒక పెద్ద బండి ఉంటుంది. మనవాళ్లు ఎవరైనా పాత ట్రక్కో ఎస్‌యూవీయో కొంటుంటే తోడు వెళ్లి చూస్తుంటాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. ఈ కాలపు బండిని ముందున్న లోగో చూసి కొనకూడదు. లోపల ఉన్నది ఏ ఇంజిన్, అది ఎప్పుడు తయారైంది, పాత ఓనర్ ఆయిల్ ఎన్ని మైళ్లకు మార్చాడు, ఈ మూడూ చూసి కొనాలి.

ఫ్రేమ్, యాక్సిళ్లు, బాడీ విషయంలో భయం అక్కర్లేదు. అవి 2 లక్షల మైళ్లు తేలిగ్గా లాగుతాయి. మన టెక్సాస్‌లో రోడ్ల మీద తరచూ ఉప్పు చల్లేంత చలి ఉండదు కాబట్టి తుప్పు కూడా తక్కువే. ఆ బండి మిషిగన్ నుంచో ఒహైయో నుంచో వచ్చిందని బండి చరిత్ర రిపోర్టులో కనిపిస్తే మాత్రం లిఫ్ట్ ఎక్కించి బ్రేక్ లైన్లు చూపించుకోండి. అసలు తలనొప్పి పెట్రోలు ఆదా కోసం పెట్టిన ఏర్పాట్లతోనే: అవసరం లేనప్పుడు కొన్ని సిలిండర్లను ఆపేయడం, చిన్న ఇంజిన్‌కి రెండు టర్బోలు తగిలించడం, నీళ్లలా పల్చటి ఆయిల్, పది గేర్ల గేర్‌బాక్స్. మైలేజ్ నిబంధనలు బిగిసేకొద్దీ కంపెనీలన్నీ ఈ దారే పట్టాయి. అందుకే ఒక కంపెనీ మంచిది, ఇంకొకటి చెడ్డది అని తేల్చేయడం ఇప్పుడు కుదరదు.

ముందు మీరు చూస్తున్న 6.2 సంగతి. 2025 ఏప్రిల్‌లో జీఎం అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లను ఈ ఇంజిన్ గురించే రీకాల్ చేసింది, అంటే లోపం ఉందని వెనక్కి పిలిచింది. 2021 నుంచి 2024 మోడళ్ల యూకాన్, టాహో, సబర్బన్, ఎస్కలేడ్, సిల్వరాడో 1500, సియెరా 1500 అందులో ఉన్నాయి. ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ బేరింగుల తయారీలో లోపాల వల్ల ఇంజిన్ నడుస్తూ నడుస్తూ పట్టేసే ప్రమాదం ఉంది. హైవే మీద 70లో వెళ్తుంటే అది చిన్న విషయం కాదు. డీలర్ తనిఖీ చేసి, తేడా ఉంటే రిపేరు చేస్తాడు లేదా ఇంజిన్ మారుస్తాడు. పాసైన బండికి 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి, ఆయిల్ మూత కూడా మారుస్తాడు, ఇకపై ఏ ఆయిల్ పోయాలో తెలిసేలా. ఈ ఇంజిన్లకు 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల దాకా ప్రత్యేక కవరేజ్ కూడా ఇచ్చారు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. రీకాల్ పరిధిలోకి వచ్చేవి 2021 మార్చి నుంచి తయారైన బండ్లు. 2021 మోడల్ యూకాన్లు 2020లోనే బయటికి రావడం మొదలైంది. అంటే మీ బండి రీకాల్‌లో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) 17 అక్షరాలూ అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొడితే ఇంకా పెండింగ్‌లో ఉన్న రీకాల్ తెలుస్తుంది. పెండింగ్ ఏమీ లేదని వస్తే సంతోషపడి వదిలేయకండి. పని అయిపోయిందా, అసలు రీకాల్‌లోనే లేదా అన్నది ఏ జీఎంసీ డీలర్ సర్వీస్ కౌంటర్‌లోనైనా విన్ చెప్పి అడగండి. నన్నడిగితే, రీకాల్‌లో ఉండి, ఇంజిన్ కొత్తది వేసి, ఆ కాగితం చేతిలో ఉన్న బండే అన్నిటికన్నా మంచి బేరం. రీకాల్ పేరు వినగానే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. కానీ 60 వేల మైళ్లకు మామూలు పవర్‌ట్రెయిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్) వారంటీ అయిపోయిన బండికి 1,50,000 దాకా ఇంజిన్ కవరేజ్ దొరకడం చిన్న లాభం కాదు.

బేరింగులు ఒక ఎత్తయితే లిఫ్టర్లు ఇంకో ఎత్తు. జీఎం పెద్ద ట్రక్కులు, ఎస్‌యూవీల వీ8లలో 2007 నుంచి సిలిండర్లు ఆపే పద్ధతి ఉంది, 2019 నుంచి దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. రామ్ ట్రక్కుల 5.7 హెమీ ఇంజిన్‌లోనూ ఇలాంటిదే ఉంది. లిఫ్టర్ అంటే క్యామ్ (ఇంజిన్ లోపల తిరిగే కడ్డీ) మీద దొర్లుతూ వాల్వును తెరిచే చిన్న స్టీలు ముక్క. సిలిండర్ ఆపాలంటే ఆయిల్ ప్రెషర్‌తో దాని లోపలి పిన్ను జరిపి, వాల్వు తెరుచుకోకుండా చేస్తారు. ఆయిల్ పాతబడినా, మురికి పట్టినా ఆ పిన్ను ఇరుక్కుంటుంది. చాలాసార్లు కింది రోలరే తిరగడం మానేసి క్యామ్‌ను కోసేస్తుంది.

ఇది మా ఇంట్లోనే జరిగింది. బండి డెట్రాయిట్ కంపెనీదే, పేరు అవసరం లేదు, 90 వేల మైళ్ల దగ్గర ఉంది. హ్యూస్టన్ వెళ్తూ కార్సికానా దాటాక ఐ-45 మీద ఇంజిన్ లైటు వెలిగి, బండి మొత్తం వణకడం మొదలైంది. మా అమ్మ, నాన్న మూడో వరుసలో ఉన్నారు, బయట వంద డిగ్రీల ఎండ. బండి టో చేయించి, అక్కడికక్కడ వేరే కారు అద్దెకు తీసుకుని వెళ్లాం. తర్వాత మెకానిక్ విప్పిన లిఫ్టర్‌ను నా అరచేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సిన రోలర్ ఒక పక్క బల్లపరుపుగా అరిగిపోయింది. వేలితో తిప్పితే కదల్లేదు. క్యామ్ మీద పడిన గాడిలో గోరు దిగింది. క్యామ్, పదహారు లిఫ్టర్లు, లేబరు కలిపి ఆరు వేల డాలర్లు దాటింది. అంతకు ముందు తీసుకున్న పొడిగింపు వారంటీ వాళ్లు డబ్బు ఇచ్చే ముందు మొదటి నుంచి ఉన్న ఆయిల్ రసీదులన్నీ అడిగారు. ప్రతి రసీదూ స్కాన్ చేసి పెట్టుకుని ఉన్నాం కాబట్టి ఇచ్చారు. లేకపోతే ఆ డబ్బంతా మా జేబులోంచే పోయేది. మీరు ఏ బండి కొన్నా మొదటి రోజు నుంచి రసీదులకు ఒక ఫోల్డర్ పెట్టుకోండి, డ్రైవ్‌వేలో మీరే ఆయిల్ మార్చుకున్నా సరే, ఆయిల్, ఫిల్టర్ కొన్న బిల్లు అందులో పడాలి.

"మరి టయోటా తీసుకుంటే గొడవుండదు కదా" అని చాలామంది అంటారు. ఆ నమ్మకం పాత 5.7 వీ8కి సరిగ్గా సరిపోతుంది. 2022 దాకా వచ్చిన టయోటా పెద్ద ఎస్‌యూవీ సెక్వోయాలో అదే ఇంజిన్. గ్యాలన్‌కు 15 మైళ్లు కూడా కష్టమే, ధర కూడా దిగదు, కానీ ఇంజిన్ మొండిది. 2022లో టయోటా ట్రక్కు టండ్రాకి వచ్చిన 3.4 లీటర్ ట్విన్ టర్బో వీ6 కథ వేరు. తయారీలో మిగిలిపోయిన లోహపు రజను బేరింగుల్ని తినేస్తోందని 2024 మేలో లక్షకు పైగా టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్‌లను రీకాల్ చేశారు. 2025 చివర్లో ఇంకో లక్షకు పైగా కలిపారు. 2023 నుంచి సెక్వోయాలో ఉన్నది ఆ కుటుంబం ఇంజినే, హైబ్రిడ్ రూపంలో. పైగా బ్యాటరీ మూడో వరుస కింద ఉండడం వల్ల అక్కడ నేల ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లకు మోకాళ్లు పైకి వస్తాయి. మీ అత్తమామల్ని తీసుకెళ్లి ఒకసారి కూర్చోబెట్టి చూడండి. ఈ ఒక్క విషయంలో 2021 తర్వాత టాహో, యూకాన్ చాలా నయం. వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) పెట్టాక మూడో వరుసలో కాళ్లు చాపుకునే చోటు వచ్చింది.

ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ కూడా మీ జాబితాలో పెట్టుకోండి. 3.5 ఎకోబూస్ట్ ఇంజిన్ 2011 నుంచి ఎఫ్-150లో ఉంది, కాబట్టి దాని బలహీనతలు ఏమిటో బయట మెకానిక్‌లకు కూడా బాగా తెలుసు. 2017 నుంచి 2020 దాకా వచ్చిన వాటిలో క్యామ్ ఫేజర్ల (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే భాగాల) గోల ఉండేది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గరగరమంటుంది. 2021 నుంచి మార్చిన ఫేజర్లు వచ్చాయి, కాబట్టి చూస్తే 2021, ఆ పైవి చూడండి. పది గేర్ల గేర్‌బాక్స్‌ను ఫోర్డ్, జీఎం కలిసి డిజైన్ చేశాయి, తయారీ ఎవరిది వాళ్లదే. ఫోర్డ్ దాంట్లో మొదటి ఏళ్ల వాటికి గేర్లు కుదుపుతో పడే సమస్య ఉంది. టెస్ట్ డ్రైవ్‌లో 20 నుంచి 40 మధ్య మెల్లగా వేగం పెంచుతూ, తగ్గిస్తూ చూడండి, అక్కడే బయటపడుతుంది.

యూకాన్‌లోనే 3.0 డీజిల్ దొరికితే దాన్ని కూడా తీసిపారేయకండి. ట్రైలర్ లాగడానికి, హైవేకి చక్కటి ఇంజిన్. కాకపోతే ఆయిల్ పంపును తిప్పే బెల్టు ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంది. మీరు చూసే ఏళ్ల బండ్లలో దాన్ని 1,50,000 మైళ్లకు మార్చాలి, అందుకు గేర్‌బాక్స్ దించాలి. పదేళ్లు ఉంచుకుంటే ఆ ఖర్చు మీకే పడుతుంది, ధర మాట్లాడేటప్పుడే అది తీసేసి మాట్లాడండి. రోజూ రెండు మైళ్ల స్కూలు ట్రిప్పులే ఎక్కువైతే మాత్రం డీజిల్ వద్దు. పొగలోని మసిని పట్టే ఎగ్జాస్ట్ ఫిల్టర్ శుభ్రపడేంత వేడి దానికి ఎప్పటికీ దొరకదు.

ఓడోమీటర్ ఒక్కటే చూసి మోసపోకండి. డాష్‌బోర్డ్ మెనూలో ఇంజిన్ అవర్స్ అని, ఇంజిన్ నడిచిన మొత్తం గంటలు ఉంటాయి. మైళ్లను ఆ గంటలతో భాగించండి. 70 వేల మైళ్లకు 2 వేల గంటలుంటే సగటున గంటకు 35 మైళ్లు, హైవే మీద తిరిగిన బండి. అదే 3,500 గంటలుంటే సగటు 20 మాత్రమే. అంటే పార్కింగుల్లో, స్కూలు లైన్లలో ఏసీ వేసుకుని నిలబడే సగం బతికింది. మన టెక్సాస్ ఎండలకు ఇది మామూలే, పెద్దవాళ్లను బండిలో కూర్చోబెట్టి ఏసీ ఆన్‌లో ఉంచి మనం సరుకులకు వెళ్తాం. ఆ సేపంతా ఓడోమీటర్ కదలదు, ఆయిల్ మాత్రం పాడవుతూనే ఉంటుంది, ఆయిల్ ప్రెషర్ కూడా అట్టడుగున ఉంటుంది. సగటు 20, 22 వచ్చిన బండిని నేనైతే ఎంత తళతళలాడినా వదిలేస్తాను.

కొన్నాక నేను పాటించేవి చెబుతాను. డాష్‌బోర్డ్ ఆయిల్ లైఫ్ ఇంకా 40 శాతం ఉందని చూపించినా 5 వేల మైళ్లకు ఆయిల్ మార్చేస్తాను. ఏడాదికి అదనంగా అయ్యేది రెండు మూడు వందల డాలర్ల లోపే, ఆరు వేల బిల్లు పక్కన అది ఖర్చే కాదు. గేర్‌బాక్స్ ఫ్లూయిడ్ జీవితాంతం సరిపోతుందని కౌంటర్‌లో చెప్పినా 60 వేల లోపే మార్పిస్తాను, ట్రైలర్ లాగితే ఇంకా ముందే. ఆయిల్ మాత్రం ఇంజిన్‌కి కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి. 6.2కి 0డబ్ల్యూ-40 చెప్పారు కదా అని జీఎం చిన్న వీ8 అయిన 5.3లో పోయకండి.

డబ్బు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మన కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే. 84 నెలల లోన్ మీద పాత డెనాలి తీసుకుంటే, వారంటీ లేని వయసులో కూడా నెలనెలా కిస్తీ కడుతూనే ఉంటారు. ఇంజిన్, కిస్తీ రెండూ ఒకేసారి మీద పడితే ఎవరికైనా కష్టమే. 48 నెలల్లో తీరని లోన్ అయితే చిన్న బండి చూసుకోమనే నా సలహా. పొడిగింపు వారంటీ తీసుకుంటే కంపెనీ సొంతదే తీసుకోండి. ఫోన్ చేసి మరీ అమ్మేవాళ్ల దగ్గర వద్దు.

ట్రైలర్ సంగతి మీరూ మీ ఆవిడా ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. నిజంగా కొంటున్నారంటే పెద్ద ఎస్‌యూవీ కావాల్సిందే, సియెన్నా లాంటి మినీవ్యాన్ 3,500 పౌండ్లకు మించి లాగదు. ఏడాదికోసారి అద్దెకు తీసుకునే ఆలోచనే అయితే ఆ వారానికి ట్రక్కు కూడా అద్దెకు దొరుకుతుంది. అప్పుడు ఏడుగురికీ సియెన్నాయే హాయి. గ్యాలన్‌కు 36 మైళ్లు ఇస్తుంది, మీ అత్తమామలు స్టెప్ ఎక్కాల్సిన పని లేకుండా తలుపు జరుపుకుని కూర్చుంటారు.

ఆ డెనాలినే చూడ్డానికి వెళ్తుంటే పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి, అప్పుడు స్టార్ట్ చేయించి రెండు పక్కలా చెవి పెట్టి వినండి. ఒక పక్క నుంచే టక్ టక్ అని వచ్చి, వేడెక్కినా తగ్గకపోతే అక్కడితో ఆపేయండి. శబ్దం బాగుంటే బయటి మెకానిక్‌తో ఒక గంట చూపించండి, రెండు వందల లోపు అవుతుంది. విన్‌తో డీలర్ ఏం చెప్పాడో, ఇంజిన్ అవర్స్ ఎంతున్నాయో, ఆయిల్ రసీదులు ఎన్ని దొరికాయో ఇక్కడ రాయండి, అవి చూసి ఆ ధరకు తీసుకోవచ్చో లేదో చెబుతాను.