మొదటి ఓడ ఎక్కబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే ఆఫీసర్ పనికి శిక్షణ పొందే మనిషిగా, నీకు ఓడ ఖాయమైందని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. జాయిన్ అయ్యేలోపు ఏమేం చదువుకోవాలో రాయమన్నావు. చదవాల్సినవి మీ అకాడమీ వాళ్లు చెప్పే ఉంటారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చూడనిదాన్ని చూశానని ఎప్పుడూ రాయకు, చూసినదాన్ని చెప్పకుండా ఎప్పుడూ ఊరుకోకు. మిగతా పనులన్నీ ఓడ మీద ఎవరో ఒకరు నేర్పుతారు. ఈ అలవాటు మాత్రం నీ అంతట నువ్వే చేసుకోవాలి, అదీ మొదటి వారం నుంచే.

ఆ మొదటి వారంలోనే చీఫ్ ఆఫీసర్ నిన్ను ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల సౌండింగులు తీసుకురమ్మంటాడు. అంటే ఏ ట్యాంకులో ఎంత నీరుందో కొలవడం. సౌండింగ్ పైపు మూత ఒక్కసారిగా ఊడదీయకు, లోపల గాలి బిగబట్టి ఉండొచ్చు, కొద్దికొద్దిగా వదులు చెయ్యి. టేపు కొనకున్న ఇత్తడి గుండుని నిదానంగా దించు. అడుగు తగలగానే టేపు సడలుతుంది, ఆ సంగతి చేతికి తెలుస్తుంది. అక్కడే ఆగి, పైపు అంచు దగ్గర టేపు మీద అంకె ఎంతుందో చూసి, ఆ పైపు మొత్తం లోతు పట్టికలో ఎంతని ఉందో దాంతో పోల్చుకో. తక్కువ వస్తే గుండు అడుక్కి చేరలేదన్నమాట, బురదో తుప్పో అడ్డుపడి ఉంటుంది. ఆ తర్వాత టేపు పైకి లాగి తడి ఎక్కడిదాకా ఉందో చదువు. గీత స్పష్టంగా లేకపోతే టేపు తుడిచి, నీళ్లు తగిలితే రంగు మారే వాటర్ ఫైండింగ్ పేస్టు రాసి మళ్లీ దించు. చివరగా మూత గట్టిగా బిగించు. వదులు మూతలోంచి డెక్ మీద పారే సముద్రపు నీళ్లు తిన్నగా ట్యాంకులోకే దిగుతాయి.

ఇలా ట్యాంకు తర్వాత ట్యాంకు, వానలో, ఓడ ఊగుతుండగా. "నిన్నటి అంకెలే వేసెయ్, ఏం మారతాయి" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. నిజమే, చాలా రోజులు ఏమీ మారవు. మారిన రోజున మాత్రం ఓడలోకి ఎక్కణ్నుంచో నీళ్లు వస్తున్నాయని చెప్పడానికి ఆ అంకె తప్ప ఇంకేదీ ఉండకపోవచ్చు. సముద్రం బాగోలేక డెక్ మీదికి వెళ్లనివ్వకపోతే "తీయలేదు" అని రాసి, ఎందుకు తీయలేదో చెప్పు. అందులో చిన్నతనం ఏమీ లేదు. రాసింది తప్పైతే చెరపకు, దిద్దకు. ఒక్క గీత కొట్టి పక్కన సరైన అంకె వేసి నీ పొడి సంతకం పెట్టు. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. లాగ్‌బుక్‌కీ ఇదే పద్ధతి.

ఇదంతా చాదస్తం అనిపిస్తే 1987 మార్చి 6 గుర్తు తెచ్చుకో. ఆ సాయంత్రం బెల్జియంలోని జీబ్రుగ్గా రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఫెర్రీ ముందు తలుపులు తెరిచి ఉండగానే బయల్దేరింది. తలుపులు మూయాల్సిన మనిషి తన క్యాబిన్‌లో నిద్రలో ఉన్నాడు. ఓడని నడిపే చోటైన బ్రిడ్జ్ మీద నిలబడ్డ కెప్టెన్‌కి ఆ తలుపులు కనబడవు. మూశారో లేదో తెలిపే దీపం కూడా అక్కడ లేదు. ఎవరూ వచ్చి ఏమీ చెప్పలేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉందనుకోవడం వాళ్ల పద్ధతి. రేవు దాటిన కొద్దిసేపటికే నీళ్లు కార్ల డెక్ మీదికి వచ్చి ఓడ పక్కకి ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. నువ్వు అకాడమీలో చదివిన ఐఎస్ఎమ్ కోడ్‌కి, అంటే ఓడల భద్రతా నిర్వహణ మీది అంతర్జాతీయ నియమావళికి, ఈ దుర్ఘటన ఒక ముఖ్య కారణం. క్యాడెట్లు దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే ఎవరైనా నీకు పని చెబితే, అది పూర్తయ్యాక "అయింది" అని వెళ్లి చెప్పు. కాకపోతే "కాలేదు" అని చెప్పు. నీ మౌనానికి ఎవరి అర్థం వాళ్లు చెప్పుకునే అవకాశం ఇవ్వకు.

బ్రిడ్జ్ మీద నీ మొదటి రాత్రి వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, రాడార్, ఎక్డిస్ (ఎలక్ట్రానిక్ సముద్ర పటం) తెరలు నీ కళ్లని లాగేస్తాయి. వాటిని నేర్చుకోవాల్సిందే, కానీ కిటికీ దగ్గర నిలబడ్డాకే. చీకట్లోకి వచ్చాక కళ్లు పూర్తిగా అలవాటు పడ్డానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది, కాబట్టి వాచ్‌కి కాస్త ముందే పైకి రా. దూరంగా ఒక దీపం కనబడిందనుకో. కంపాస్ మీద బేరింగ్, అంటే అది ఏ దిక్కున ఉందో డిగ్రీల్లో, తీసి కాగితం మీద రాసుకో. కొన్ని నిమిషాలాగి మళ్లీ తియ్యి, ఆ తర్వాత మరోసారి. బేరింగ్ చెప్పుకోదగ్గంతగా మారకుండా దూరం తగ్గుతూ వస్తుంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే. 1972 నాటి కోల్‌రెగ్స్‌లో, అంటే ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాల్లో, ఏడో రూల్ చెప్పేది ఇదే. అదే రూల్‌లోని రెండో మాట చాలామంది మరిచిపోతారు. ఎదుటిది మరీ పెద్ద ఓడైనా, వెనక మరొకదాన్ని తాడుతో లాగుతున్నదైనా, బాగా దగ్గరికొచ్చేసిన ఓడైనా, బేరింగ్ మారుతున్నా సరే ప్రమాదం ఉండొచ్చు. వాచ్‌లో ఉన్న ఆఫీసర్ ఇదంతా రాడార్‌లో లెక్క కట్టి చూపే ఆర్పా తెర మీద ముందే చూసి ఉంటాడు. అయినా నువ్వు చెప్పు. "సార్, స్టార్‌బోర్డ్ బో మీద రెండు పాయింట్లలో ఒక తెల్ల దీపం, బేరింగ్ మారడం లేదు." అంటే ఓడ ముందు భాగానికి కాస్త కుడి పక్కన అని. ఆయన "చూశాను" అంటే మంచిదే. పది సార్లు ఆయన ముందే చూసి ఉంటాడు. పదకొండోసారి చేపల పడవ సముద్రపు అలలు రాడార్ మీద వేసే మచ్చల్లో, అంటే క్లట్టర్‌లో, కలిసిపోయి తెర మీద కనబడదు, నీ కంటికి కనబడుతుంది. విసుక్కునే ఆఫీసర్లు ఉంటారు. వాళ్లు విసుక్కున్నా చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం కంటిని అసలు నమ్మకు, గాలిని కొలిచే మీటర్‌నే నమ్ము. ఖాళీ ట్యాంకు, లంగరు గొలుసు ఉండే చైన్ లాకర్, బొగ్గో కలపో ఉన్న హోల్డుకి (సరుకు గదికి) ఆనుకున్న మెట్ల దారి, ఇవన్నీ చూడ్డానికి మామూలు గదుల్లాగే ఉంటాయి. ఇనుము తుప్పు పడుతూ లోపలి ఆక్సిజన్ని తినేస్తుంది. బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. లోపల అది పడిపోయినా వాసన ఉండదు, రంగు ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు, మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. వెంటిలేషన్ చేసి, పై భాగంలో, మధ్యలో, అడుగున గాలిని పరీక్షించి, పర్మిట్ మీద సంతకాలయ్యాక, గుమ్మం దగ్గర ఒక మనిషి కాపలా ఉన్నాకే అడుగు పెట్టాలి. పర్మిట్ మీద రీడింగ్ ముందే రాసిపెట్టి ఉంటే నీ కళ్ల ముందు మళ్లీ తీయమని అడుగు. ఎవరైనా లోపల పడిపోయి కనిపిస్తే అలారం కొట్టు, లోపలికి దూకకు. ఎన్నో ప్రమాదాల్లో మొదట పడిపోయినవాడితో పాటు కాపాడబోయినవాళ్లూ పోయారు. ఇలాంటి చోట్లలోకి దిగడం, పడిపోయినవాళ్లని కాపాడడం మీద డ్రిల్ రెండు నెలలకోసారి జరపాలని సోలాస్ అనే అంతర్జాతీయ నౌకాభద్రతా ఒప్పందం నియమం. దాన్ని ఫొటోల కోసం చేసే తంతులా తీసేయకు తల్లీ.

ఇక నీ ట్రైనింగ్ రికార్డ్ బుక్. నావికుల శిక్షణ, సర్టిఫికెట్ల మీద అంతర్జాతీయ ఒప్పందమైన ఎస్‌టీసీడబ్ల్యూ ప్రకారం ఆమోదం పొందిన శిక్షణలో భాగంగా కనీసం 12 నెలల సీ సర్వీస్ ఉండాలి, అందులో కనీసం 6 నెలలు ఆఫీసర్ పర్యవేక్షణలో బ్రిడ్జ్ వాచ్ చేసి ఉండాలి. కొన్ని ఓడల్లో క్యాడెట్ అంటే రంగులు వేయడానికి, తుప్పు కొట్టడానికి దొరికిన అదనపు మనిషి. ఆ పని నేర్చుకోవద్దనను. ఓడ ఇనుము ఎక్కడ ఎలా పాడవుతుందో చిప్పింగ్ హామర్ పట్టినవాళ్లకే తెలుస్తుంది. డెక్ సిబ్బందికి పెద్దైన బోసన్ దగ్గర నిలబడి తాడు ఎలా పట్టాలో, ఓడని రేవుకి కట్టే మూరింగ్‌లో ఎక్కడ నిలబడకూడదో నేర్చుకో. బిగుతుగా ఉన్న తాడు తెగితే ఎటు కొడుతుందో ఆయన చెప్పినంత బాగా పుస్తకం చెప్పదు. కానీ నెలలు గడుస్తున్నా బ్రిడ్జ్ మీదికి పిలవకపోతే వెళ్లి మర్యాదగా అడుగు. నీకు రావాల్సిన వాచ్ నెలల లెక్క చూపించు. సంతకాలు ఏ వారానివి ఆ వారం చేయించుకో. చివర్లో పేజీలన్నీ ఒకేసారి ముందు పెడితే చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఉంటారు. నువ్వు చేయని పనికి అలా సంతకం వస్తే వద్దని చెప్పు. ఓరల్స్‌లో, అంటే మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్ సరిగ్గా ఆ పేజీ తీసే అడుగుతాడు. దానికంటే ముఖ్యం, ఆఫీసర్‌వయ్యాక ఏదో ఒక రాత్రి సముద్రమే అడుగుతుంది.

విశ్రాంతి గంటల దగ్గర కూడా ఇదే చిక్కు. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలని రెండు ముక్కలకి మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. కార్గో పనుల్లో ఇది తప్పుతుంది, కాగితం మీద మాత్రం తప్పదు. నీ గంటలు నువ్వు నిజంగా ఎంత పనిచేస్తే అంతే రాయి. మార్చమంటే ఎందుకో అడుగు. నీ సొంత డైరీలో రోజూ రెండు వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టు.

నావికుల్లో ఆడవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఆ సంగతి నీకు తెలిసే ఈ దారి ఎంచుకున్నావు, అందుకు నాకు గర్వంగా ఉంది. ఎక్కువమంది మంచివాళ్లే ఎదురవుతారు. ఎవరి మాటైనా, చేష్టైనా హద్దు మీరితే అది నీలోనే దాచుకోకు. తేదీ, టైము వేసి రాసుకుని కెప్టెన్‌కి చెప్పు. కెప్టెన్‌కి చెప్పలేని పరిస్థితి అయితే కంపెనీలో డీపీఏ (డెజిగ్నేటెడ్ పర్సన్ అషోర్), అంటే ఒడ్డున ఉండే బాధ్యుడు, ఉంటారు. ఐఎస్ఎమ్ కోడ్ ఆ పదవి పెట్టిందే ఓడ మీది మనిషి మాట నేరుగా కంపెనీ పెద్దలదాకా చేరాలని. ఆ పేరు, ఫోన్ నంబరు ఓడ ఎక్కిన రోజే నోట్ చేసుకో. చూసింది చెప్పాలని ఇంతసేపు రాసింది నీ మీద జరిగేదానికి కూడా వర్తిస్తుంది.

దిగేటప్పుడు కెప్టెన్ దగ్గర సీ సర్వీస్ సర్టిఫికెట్ తీసుకో. ఎక్కిన తేదీ, దిగిన తేదీ, ఓడ టన్నేజి, బ్రిడ్జ్ వాచ్ చేసిన నెలలు, ఇవన్నీ సీమన్ బుక్‌తో, రికార్డ్ బుక్‌తో సరిపోయాయో లేదో గ్యాంగ్‌వే దిగకముందే చూసుకో. ఓడ వెళ్లిపోయాక ఒక్క సంతకం కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

నెట్‌వర్క్ దొరికినప్పుడు ఫోన్ చెయ్యి. వాచ్‌లో అర్థంకానివన్నీ డైరీలో రాసి ఉంచు, ఒక్కొక్కటే మాట్లాడుకుందాం.

ప్రేమతో,
మామయ్య