పెడల్ బరువు ఎక్కడ తగ్గించాలి?

ప్రశ్న: సైకిల్ కోసం తేలికైన ఫ్లాట్ పెడల్‌ను సొంతంగా రూపొందిస్తున్నాను. ఇరుసును ఉక్కుకు బదులు అల్యూమినియంతో చేయవచ్చా?

జవాబు: బరువు తగ్గే మాట నిజమే, ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు కాగా అల్యూమినియానిది 2.7 మాత్రమే. అయితే ఇరుసు ఒక కొసన మాత్రమే క్రాంకుకు (పెడల్‌ను మోసే కడ్డీకి) బిగించి ఉంటుంది కనుక, తొక్కే మనిషి మోపే భారమంతా దాన్ని వంచడానికే చూస్తుంది, ఆ వంపు ప్రభావం క్రాంకు దగ్గరే అత్యధికంగా ఉంటుంది. పైగా ఒకసారికి తట్టుకున్న భారమే లక్షలసార్లు పడితే అల్యూమినియం పగులు పట్టవచ్చు. కాబట్టి ఉక్కు ఇరుసునే ఉంచి, దాన్ని బోలుగా చేయడం మేలని నా అభిప్రాయం. బయటి వ్యాసంలో సగం వ్యాసమున్న రంధ్రాన్ని పొడవునా తొలిస్తే బరువు 25 శాతం తగ్గుతుంది, వంపును తట్టుకునే బలం మాత్రం 6 శాతం పైచిలుకే తగ్గుతుంది. వ్యాసం మారే ప్రతిచోటా పదునైన మూల లేకుండా గుండ్రంగా మలచండి. పగుళ్ళు సాధారణంగా అక్కడే మొదలవుతాయి.

పాదం ఆనే పలకను నైలాన్‌తో గాని అల్యూమినియంతో గాని చేసుకోవచ్చు, కానీ బరువు కోసం దాని వెడల్పును మరీ కుదించవద్దు. జారకుండా ఆపే పిన్నులను కింది వైపు నుంచి బిగించేలా అమర్చితే, రాయి తగిలి పైకొస నలిగినా వాటిని విప్పడం కుదురుతుంది. ఇరుసును క్రాంకుకు బిగించే మర కొలత సాధారణంగా 9/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. ఎడమ పెడల్‌కు ఎడమచేతి మర, అంటే అపసవ్య దిశలో తిప్పితే బిగిసేది, ఉండాలన్నది (తొలి నమూనాలో చాలామంది మరిచేది ఇదే) గుర్తుంచుకోండి.