వానలో సాగే పాకెట్‌కి మందు

మీ అబ్బాయి లాక్రోస్ (చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట) స్టిక్ పాకెట్, అంటే బంతి కూర్చునే వల, వానలో లోతైపోయి రిఫరీ పెనాల్టీ ఇచ్చారన్నారు కదండీ. పాకెట్ అల్లే సాఫ్ట్ మెష్ (మెత్తటి వల) తడిస్తే సాగుతుంది. బంతి వేసి స్టిక్‌ను కంటి ఎత్తున అడ్డంగా పట్టుకోండి. బంతి పైభాగానికీ సైడ్‌వాల్ (స్టిక్ తల పక్క గోడ) కింది అంచుకీ మధ్య వెలుతురు కనిపిస్తే చెల్లదు. బాటమ్ స్ట్రింగ్ (వలను కింద కట్టి ఉంచే తాడు) ముడి విప్పి కొద్దికొద్దిగా లాగి బిగించండి. ఒకేసారి లాగేస్తే బంతి నిలవదు. వేలాడే తాడు కొస 2 అంగుళాలు దాటకూడదు. స్టిక్‌ను తలకిందులు చేస్తే బంతి దానంతటదే పడాలి. పాకెట్ బిగిస్తే పాస్ కాస్త పైకి పోతుంది, అందుకే వార్మప్‌లోనే అలవాటు పడాలి. పెనాల్టీ పడితే ఆటగాడు కాసేపు బయట కూర్చోవాలి; అమెరికాలోని బాల్టిమోర్ ప్రాంతంలో గిల్‌మన్, మెక్‌డొనా, కాల్వర్ట్ హాల్ లాంటి గట్టి స్కూల్ జట్ల మీద ఒక మనిషి తక్కువతో ఆడటం చాలా నష్టం. హాఫ్‌టైమ్‌లో మళ్లీ చూసుకోమనండి. వీలైతే వ్యాక్స్ మెష్‌కి (మైనం పూసిన వల) మారండి, అది నీళ్లు తక్కువ పీలుస్తుంది.