వైఫై పాస్‌వర్డ్ తీసేస్తే ప్లగ్ కనెక్టయింది, వదిలేయొచ్చా?

ప్రశ్న: కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. గీజర్ కోసం కొన్న స్మార్ట్ ప్లగ్ వైఫైకి ఎంతకీ కనెక్ట్ కాలేదు. రౌటర్ పంపే రెండు రకాల సిగ్నళ్లకు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు, వేర్వేరు పేర్లు పెట్టి చూసినా అంతే. చివరికి ఒక వీడియోలో చెప్పినట్టు వైఫై పాస్‌వర్డ్ తీసేస్తే వెంటనే కనెక్టయింది. ఇలాగే వదిలేయొచ్చా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: వదిలేయొద్దు. ముందు వెళ్లి పాస్‌వర్డ్ పెట్టి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

స్మార్ట్ బల్బులు, ప్లగ్గుల గురించి నాకొచ్చే ఉత్తరాలన్నీ దాదాపు ఇదే గోల. వీటిలో వేసే చౌక చిప్పులు చాలావాటికి 2.4 తప్ప మరో బ్యాండ్ తెలియదు. రౌటరేమో రెండింటినీ ఒకే పేరుతో చూపిస్తుంది. పేర్లు విడదీస్తే చాలామందికి అక్కడితో పనైపోతుంది. మీకు కాలేదంటే అడ్డుపడింది బ్యాండ్ కాదు, బహుశా డబ్ల్యూపీఏ3. వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి అది, పాతది డబ్ల్యూపీఏ2. మీ కొత్త రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే, ఆ పద్ధతి రాని ప్లగ్ మీరు పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా కొట్టినా లోపలికి రాలేదు. పాస్‌వర్డే లేకపోతే ఏ ప్లగ్గయినా వస్తుంది. ప్లగ్గే కాదు, ఎవరైనా వస్తారు.

ఈ సంగతి చెప్పాల్సింది ప్లగ్ యాప్. 'మీ వైఫై డబ్ల్యూపీఏ3లో ఉంది, నాకు డబ్ల్యూపీఏ2 కావాలి' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అలా అనదు. గుండ్రంగా తిరిగి తిరిగి, 99 శాతం దగ్గర ఆగి, 'విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి' అంటుంది. లొకేషన్ ఇవ్వు, ఫోన్ నంబరివ్వు, నోటిఫికేషన్లకు ఒప్పుకో అని అడగడానికి మాత్రం దానికి నోరు బాగానే వస్తుంది. కారణం చెప్పని యాప్ వల్లే జనం ఇలాంటి వీడియోల పాలవుతున్నారు.

తాళం లేని వైఫైతో వచ్చే చిక్కు పక్కింటివాళ్లు మీ డేటా వాడుకోవడం ఒక్కటే కాదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. పోలీసులు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కుండే నంబరు) పట్టుకుని వెళ్తే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇల్లు తేలింది. ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. పోలీసులు మాత్రం ఆయన కంప్యూటర్లు పట్టుకెళ్లారు, ఆయన్నే ప్రశ్నించారు. మీ లైన్ మీద ఎవరేం చేసినా ముందు తట్టేది మీ తలుపే.

ఇంకోటి. మీ వైఫై లోపలికొచ్చినవాడు మొదట తెరిచేది రౌటర్ సెట్టింగ్‌ల పేజీ. దాని లాగిన్ ఇంకా అడ్మిన్, అడ్మిన్ అనే ఉందా? చాలా ఇళ్లలో ఫైబర్ పెట్టడానికొచ్చిన అబ్బాయి వదిలేసినట్టే ఉంటుంది. లోపలికొచ్చినవాడు డీఎన్ఎస్ (సైట్ పేరు చూసి దాని అడ్రస్ చెప్పేది) మార్చేస్తే మీరు సైట్ పేరు సరిగ్గా కొట్టినా బ్రౌజర్ వాడు చెప్పిన చోటికి వెళ్తుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే.

చేయాల్సిందిది: రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) ఆన్ చేసి, 2.4 మాత్రమే ఉంచి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. ప్లగ్గులు, బల్బులు, కెమెరాలు అన్నీ అందులోకి తోసేయండి. సెటప్ అయ్యేదాకా ఫోన్ కూడా అందులోనే ఉండాలి, మొబైల్ డేటా ఆపేయాలి. లేకపోతే 'ఇంటర్నెట్ లేదు' అంటూ ఫోన్ మధ్యలో డేటాకి మారిపోతుంది. తర్వాత ఫోన్‌ని మెయిన్ వైఫైకి మార్చుకోండి. మెయిన్ వైఫై డబ్ల్యూపీఏ3లోనే ఉండనివ్వండి.

మీరు అడగలేదు గానీ, ఆ ప్లగ్ ఎన్ని ఆంపియర్లదో చూశారా? 3 కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. కన్వర్టర్ పెట్టి 10 ఆంపియర్ల ప్లగ్‌కి తగిలించి ఉంటే ఇప్పుడే తీసేయండి, 16 ఆంపియర్లది కొనండి.