భారీ ట్రైలర్ లాగడానికి పెట్రోల్ పికప్ మేలా, డీజిల్ మేలా?

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-250 వంటి భారీ తరగతి పికప్‌తో ట్రైలర్ లాగాలనుకునేవారు మొదట చూడవలసింది ట్రైలర్ బరువు ఒక్కటే కాదు, అది నడిచే దారి కూడా.

ఫోర్డ్ 7.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్ టార్క్ (తిప్పే బలం) 485 పౌండ్-అడుగులు కాగా, 6.7 లీటర్ల డీజిల్ 1,050 పౌండ్-అడుగులు, అదీ తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే ఇస్తుంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది కనుక, కొలరాడోలో 11,000 అడుగులు దాటిన ఐసెన్‌హోవర్ సొరంగం చేరేసరికి దాదాపు మూడో వంతు శక్తి ఉండదు. టర్బో ఉన్న డీజిల్‌కు ఆ నష్టం చాలా తక్కువ. దిగుడులో డీజిల్ బండి ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ బయటకు పోయే దారిని బిగించి ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఏర్పాటు) వాహన వేగాన్ని అదుపులో ఉంచి, చక్రాల బ్రేకులు వేడెక్కకుండా కాపాడుతుంది. నా దృష్టిలో డీజిల్‌కు అసలైన బలం ఇదే.

అయితే డీజిల్‌కు వేల డాలర్లు అదనంగా చెల్లించాలి, పొగలోని కాలుష్యాన్ని తగ్గించే డీఈఎఫ్ ద్రవం పోస్తూ ఉండాలి. రోజూ కొద్ది దూరాలే తిరిగితే పొగగొట్టంలోని మసి ఫిల్టర్ తగినంత వేడెక్కక మూసుకుపోతుంది.

చాలామంది గమనించని విషయం మరొకటుంది: డీజిల్ ఇంజన్ బరువెక్కువ కావడంతో, మొత్తం బరువు పరిమితి ఒకటే అయినప్పుడు, బండి మోయగల భారం ఆ మేరకు తగ్గుతుంది. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పికప్ వెనుక తొట్టిలోనే తగిలించేది) తన బరువులో సుమారు ఐదో వంతు పికప్ మీదే మోపుతుంది కనుక, డ్రైవర్ తలుపు చట్రంపై అంటించిన పేలోడ్ (బండి మోయగల భారం) అంకె చూడకుండా కొనవద్దు.

ఏడాదికి కొన్నిసార్లు మైదాన ప్రాంతంలో 10,000 పౌండ్ల లోపు లాగేవారికి పెట్రోలే చాలు. కొండదారుల్లో తరచుగా అంతకు మించి లాగేవారు డీజిలే తీసుకోవాలి.