"మా ఇల్లు" అని ఎందుకు రాశావు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి మీ నాన్న పంపాడు. "మొహమాటపడకండి మాస్టారూ" అన్నాడు. ఎనిమిదో తరగతిలో వాడి దగ్గర నేను మొహమాటపడలేదు, నీ దగ్గరా పడను. నూట నలభై పేజీలూ రెండు రాత్రుల్లో చదివేశాను. న్యూజెర్సీలో పెరిగిన పిల్లవు ఇంత శుభ్రమైన తెలుగు రాశావంటే ఆ పుణ్యం మీ అమ్మమ్మది. మెచ్చుకోలు ఇంతటితో సరి. 31వ పేజీ నన్ను నిద్రపోనివ్వలేదు, ఆ సంగతి మాట్లాడాలి.

ముందు 9వ పేజీ తీయి. పరదేశాల ఊళ్ళకు వాలంటీర్లను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ, పీస్ కోర్ వాళ్ళు నిన్ను దక్షిణ అమెరికాలోని పరాగ్వే పంపారు. మూడు నెలల శిక్షణ, ఆపైన రెండేళ్ళ పని. శిక్షణలో అక్కడి ఆదివాసుల నుంచి వచ్చిన గ్వారానీ భాష నేర్పుతూ, ఆ భాషలో రెండు మాటలున్నాయని చెప్పారు. "ఓరే" అంటే ఎదుటివాళ్ళను కలుపుకోని మేము. "న్యాందే" అంటే కలుపుకున్న మనం. తోటి అమెరికన్లు తలలు పట్టుకుంటుంటే నీకు మాత్రం వంటింట్లోంచి అమ్మ పిలిచినట్టనిపించిందని రాశావు. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను. ఇంగ్లీషుకు లేదు, స్పానిష్‌కు లేదు, హిందీకీ లేదు ఆ తేడా. మనకుంది, వాళ్ళకుంది. ఇంత దొరికిన పిల్ల 31వ పేజీలో ఏం చేసింది?

నువ్వు బస చేసిన ఇంటి పెద్దావిడ మొదటి రోజు నీకు ఇల్లు చూపిస్తూ స్పానిష్‌లో "నుయెస్త్రా కాసా" అంది. మూడో నెలలో పొరుగావిడ ఎదురుగా, నీతో గ్వారానీలో "ఓరే రోగా" అంది. తర్వాత ఆ తుఫాను రాత్రి. పైకప్పు రేకులు లేచిపోతుంటే ఆవిడ నీ చేతికి తాడు కొస అందించి అరిచింది, "పట్టుకో, న్యాందే రోగా!" అని. మూడింటినీ తెలుగు అక్షరాల్లో భద్రంగా రాసుకున్నావు. మూడింటి పక్కనా ఒకటే అర్థం పెట్టావు: "మా ఇల్లు".

అమ్మాయీ, ఆవిడ "మన ఇల్లు" అంది! నీ పుస్తకమంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది. నువ్వు దాన్ని దాటేసి, కింద నాలుగు పేజీలు నీ అంతరంగ ప్రయాణం గురించి రాశావు.

పరాగ్వేలో 1992 రాజ్యాంగం గ్వారానీని స్పానిష్ పక్కన అధికార భాషగా కూర్చోబెట్టిందనీ, అంతకుముందు బడిలో గ్వారానీ మాట్లాడిన పిల్లలను శిక్షించేవారనీ నువ్వే ఇంకోచోట రాశావు. ఆ శిక్షలు పడ్డ తరం ఈ పెద్దావిడది. అందుకే కొత్త మనిషితో ముందు స్పానిష్. కాస్త నమ్మకం కుదిరాక గ్వారానీ, అయినా నిన్ను బయటే ఉంచిన గ్వారానీ. ఆ రాత్రి లోపలికి పిలిచింది. చరిత్ర 60వ పేజీలో, ఆవిడ 31వ పేజీలో విడివిడిగా ఉంటే ఏ పాఠకుడు కలుపుకుంటాడు?

52వ పేజీలో ఇంకా కోపం వచ్చింది. "మేము ఆ ఊళ్ళో ఆరు పొగలేని పొయ్యిలు కట్టించాం" అన్నావు. ఆ ఊళ్ళో వాలంటీరువు నువ్వొక్కదానివే. మరి ఆ "మేము" ఎవరు? వాషింగ్టన్ వాళ్ళా? ఎర్రమట్టి తొక్కింది ఆడవాళ్ళనీ, ఇటుకలు ఎడ్లబండి మీద తెచ్చింది ఆ పెద్దావిడ మనవడనీ పక్క పేజీలోనే ఉంది కదా!

ఈ రెండు మాటల మీద నాకెందుకింత పట్టుదలో చెబుతాను. పీస్ కోర్ పుట్టిన 1961 నుంచి 1976 దాకా మన దేశంలోనూ ఆ వాలంటీర్లు పనిచేశారు. 1967లో మా ఊరికొకడు వచ్చాడు, నెల్లూరు జిల్లా మెట్టప్రాంతానికి. నాకప్పుడు పదేళ్ళు. తెల్ల లెగార్న్ కోళ్ళ పెంపకం నేర్పించాడు. రెండో వేసవిలో కొక్కెర తెగులొచ్చి షెడ్డంతా మూడు రోజుల్లో ఖాళీ అయింది. గడప మీద కూర్చుని మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడ్చాడు. మా అవ్వ చెంబుతో మజ్జిగ తీసుకెళ్ళి పక్కన కూర్చుంది. వెళ్ళిపోయే రోజు ఇంటింటికీ వచ్చి "మనం అమెరికా వెళ్ళిపోతున్నాం" అని చెప్పాడు. "మేం యాడికొచ్చేది నాయనా, నువ్వు బోయిరా" అంది అవ్వ. తర్వాత చనిపోయేదాకా వాడి మాటొస్తే "మనోడు" అనే అనేది. తప్పుగా అన్న ఆ "మనం"ను ఆవిడ దిద్దలేదు, దాచుకుంది.

ఇక నా సంగతి. 1991లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలు బడిలో పాఠం, రాత్రి అరుంధతివాడలో పెద్దల చదువు. పలకలు, ఒక లాంతరు, పనుల నుంచి వచ్చిన ఇరవైమంది ఆడవాళ్ళు. మరుసటేడు మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, అది ఊరూరికీ పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వేడిలో నేనొక కథ రాశాను. "మేము అక్షరం ముక్క నేర్పాం, వాళ్ళు లోకాన్ని చదివారు" అని మొదలు. గర్వంగా ఉండేది ఆ వాక్యం. ఒక రాత్రి తరగతిలో చదివి వినిపించాను. ముందు వరసలో కూర్చునే ముసలామె అంతా విని, "ఆ మేములో నేనుండానా సారూ?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నాలుగు నెలలు ఆ కథను తిరగరాశాను. ఆమె నోటితో, మా నెల్లూరు మాటతో, "మనం" అనే చోట "మనం"తో. ఒక వారపత్రికకు పంపితే వేసుకున్నారు. పదిహేను కిలోమీటర్లు సైకిల్ తొక్కి బస్టాండులో కొని, అక్కడే నిలబడి తెరిచాను. సంపాదకుడు "ఉండానా"ను "ఉన్నానా" చేశాడు. "మనం" అన్నచోటల్లా "మేము" అని దిద్దాడు. ఉత్తరం రాస్తే, కథకుడు పాత్రలతో కలిసిపోకూడదు, అది శిల్పలోపం అని జవాబిచ్చాడు. ఆ సంచికను లాంతరు దగ్గరికి తీసుకెళ్ళలేకపోయాను. ముసలామె రెండుసార్లు అడిగింది, ఇంకా రాలేదని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ఇవాళ్టికీ గుచ్చుకుంటుంది.

ఇప్పటి సంపాదకులు మాండలికాన్ని ముట్టుకోరు, ఆ మేరకు మెరుగు. కానీ వాళ్ళకో కొత్త జబ్బు పట్టింది. ఎవరు ఏ దేశం వెళ్ళొచ్చినా "మిమ్మల్ని మీరు ఎలా కనుగొన్నారో రాయండి" అంటారు. నీ నాలుగు పేజీల అంతరంగం వాళ్ళ కోసం రాసిందేనని నా అనుమానం. తీసెయ్. నాకు ఆ తెరెరే కావాలి, అక్కడివాళ్ళు అందరూ కలిసి తాగే ఆ చల్లటి ఆకు పానీయం. యునెస్కో 2020లో దాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించిందని ఒక పేరా రాశావు, ఉండనీ. కానీ ఆ జనవరి మధ్యాహ్నాన్ని రెండు లైన్లలో ముగించావే! మనకు సంక్రాంతి చలి, వాళ్ళకు నడివేసవి. మామిడిచెట్టు కింద అందరూ కూర్చున్నారు. గ్వాంపా అనే ఆవుకొమ్ము పాత్రలో యెర్బా ఆకు, రోట్లో దంచిన మూలికలు వేసిన చల్లటి నీళ్ళు. పోసేది ఒక్కరే, పీల్చే గొట్టం ఒక్కటే, కొమ్ము చేతులు మారుతూ తిరుగుతోంది. నీ వంతు తాగి మర్యాదగా "గ్రాసియాస్" అన్నావు. ఇక చాలు అనడానికి అక్కడ అదే మాట. కొమ్ము మళ్ళీ నీ దాకా రాలేదు. దాహంతో కూర్చున్నావు. ఎంతసేపు? ఎవరు కనిపెట్టారు? మర్నాడు నోరు మూసుకుని తిరిగిచ్చినప్పుడు పోసేవాడి ముఖం ఎలా ఉంది? వలయంలోకి రావడం అంటే అదే కదా, ఆ భాషలో "న్యాందే" అన్న మాట నీకు వినపడకముందే కొమ్ము చెప్పింది.

అన్నట్టు, మందియోకాను "ఒక విదేశీ దుంప" అన్నావు. అది కర్రపెండలం. మీ అమ్మమ్మ పాయసంలో వేసిన సగ్గుబియ్యం దాని పిండే. పెద్దాపురం వైపు పొలాల్లో పండుతుంది. దాని పుట్టిల్లు నువ్వున్న ఖండమే, మన దగ్గరికి అది వచ్చింది. విదేశీ ఎవరికి, ఎక్కడ నిలబడి? మళ్ళీ అదే ప్రశ్న, చూశావా.

నువ్వడిగిన ప్రశ్నల్లో ప్రచురణకర్తల గురించి ఒకటుంది. తొందరపడకు. గ్వారానీ మాటలకు చివర పట్టిక ఇవ్వాలా అన్నావు. వద్దు. సందర్భమే అర్థం చెప్పాలి, చెప్పకపోతే సందర్భం సరిగ్గా రాయలేదని. మిగతావి ఉత్తరం ముగించేసరికి మరిచిపోయాను, కాగితం వెతికే ఓపిక లేదు.

31వ పేజీ మళ్ళీ రాయి. అదొక్కటే పంపు, మొత్తం వద్దు. మూడు పిలుపులూ వాటి వాటి చోట ఉండాలి. ఆవిడ నీ చేతికి తాడు కొస ఇచ్చిందన్నావు. రెండో కొస ఎవరి చేతిలో ఉంది? ఆ రాత్రి రేకు నిలిచిందా, పోయిందా?

ఆశీస్సులతో,
మీ నాన్న మాస్టారు